ముందు కాళ్ళు చూడండి

బీసెంట్ నగర్ బీచ్‌లో వాకింగ్ చేసేవాళ్ళ గుంపు దాటి ఉత్తరంగా నడిస్తే కుప్పాలు, అంటే జాలరి పల్లెలు, వస్తాయి. ఒడ్డుకి లాగిన పడవలు, ఆరేసిన వలలు దాటుకుని ఇంకా ముందుకెళ్తే అడయార్ నది సముద్రంలో కలిసే చోటు. అవతల ఎడమవైపు విరిగిన వంతెన మొండిగా నిలబడి ఉంటుంది. 1967లో కట్టారు, 1977లో నది దాని నడుం విరగ్గొట్టింది. చెన్నైలో సినిమా షూటింగ్ అంటే గుర్తొచ్చే వంతెన అదే. నేను మాత్రం దాని వైపు చూడను. నది మధ్యలో తేలిన ఇసుక తిన్నె వైపు చూస్తాను. నవంబర్ నుంచి మార్చి వరకు, ఆటు సమయంలో, ఆ తిన్నె మీద గల్ అనే సముద్రపు పక్షులు దిగుతాయి.

మూడేళ్ళ క్రితం జనవరిలో ఒక ఆదివారం, ఏడు కావస్తోంది. రెండు వందల దాకా ఉన్నాయి, ఎక్కువ బ్రౌన్‌హెడెడ్ గల్స్. పేరుకి గోధుమరంగు తల అని ఉన్నా చలికాలంలో ఆ తల తెల్లగానే ఉంటుంది, చెవి దగ్గర ఒక మసక మచ్చ మిగులుతుంది అంతే. అన్నీ గాలికి ఎదురుగా ముఖం పెట్టి, ఎవరో వరుసలో నిలబెట్టినట్టు నిలబడి ఉన్నాయి. దూరపు పక్షుల్ని దగ్గరగా చూపే స్కోప్‌లో ఒక్కో పక్షినే చూసుకుంటూ పోతున్నాను. వరుస చివర్లో ఒకటి ఒంటికాలి మీద నిలబడి నిద్రపోతోంది. రెండో కాలు పొట్ట ఈకల్లో దాచుకుంది. నిలబడ్డ కాలికి ఏమీ లేదు. వదిలేసి పక్కదానికి వెళ్ళబోతుండగా అది ఒళ్ళు విరుచుకుంది. దాచిన కాలు కిందకి దిగింది. ఎర్రటి కాలు, దాని మీద బూడిద రంగు మెరుపు. లోహపు రింగు.

ఫలానా పక్షి అని తర్వాత గుర్తుపట్టడానికి నంబరు చెక్కి కాలికి వేసే రింగు అది. నా గుండె చప్పుడు నాకే వినిపించింది. లోహపు రింగు మీద అంకెలు చుట్టూ తిరిగి ఉంటాయి. ఒక వైపు నుంచి చూస్తే రెండు మూడు అంకెలే కనిపిస్తాయి, మిగతావి కాలి వెనక్కి పోతాయి. పక్షి తిరగాలి. అది తిరిగేదాకా మనం కదలకుండా ఉండాలి. నలభై నిమిషాలు మోకాళ్ళ మీద తడి ఇసుకలో కూర్చున్నాను. రెండు అంకెలు కచ్చితంగా చదివాను. మూడోది 3 కావచ్చు, 8 కావచ్చు. అప్పుడే నా కుడివైపు నుంచి ఒక పెద్ద లెన్స్ ఆయన వచ్చాడు. ఎగిరే ఫొటో కావాలట. వెంట వచ్చిన కుర్రాడిని తిన్నె వైపు పరిగెత్తించాడు. రెండు వందల పక్షులు ఒక్కసారిగా లేచాయి. ఆయనకి ఫొటో దొరికింది.

తర్వాతి చలికాలం అదే తిన్నె మీద, అదే చివర, కుడికాలికి లోహపు రింగున్న బ్రౌన్‌హెడెడ్ గల్ ఒకటి కనిపించింది. ఈసారి ఒక్క అంకె కూడా చదవలేకపోయాను. అదేనా? వేరేదా? మధ్య ఆసియా పీఠభూముల నుంచి, పామీర్ల నుంచో టిబెట్ నుంచో లడాఖ్ సరస్సుల నుంచో, హిమాలయాలు దాటి వచ్చి, మళ్ళీ ఇదే నది మూతి దగ్గర, ఇదే జానెడు ఇసుకలో నిలబడ్డ పక్షి అదేనా? ఆ ప్రశ్న నన్ను ఇప్పటికీ వదల్లేదు. ఈ వ్యాసం రాయడానికి కారణం కూడా అదే.

నేను చెప్పదలుచుకున్నది ఒకటే. పక్షుల్ని లెక్కపెట్టడం చాలదు, గుర్తుపట్టాలి. గుర్తుపట్టాలంటే కాళ్ళు చూడాలి. కాలికి ఆ రింగు, అంటే కడియం, వేయించుకున్న పక్షి మనకోసం ఒక కష్టం పడింది కాబట్టి, దాన్ని చదవడం మన బాకీ.

లెక్కల సంగతే ముందు చెప్తాను. 1987 నుంచి ఆసియా అంతటా ప్రతి జనవరిలో నీటిపక్షుల గణన జరుగుతోంది. చెన్నైలో కూడా వాలంటీర్లు పొద్దున్నే లేచి పళ్ళికరణై, అడయార్, ఎన్నూర్, ముట్టుకాడు తిరిగి లెక్క రాసుకొస్తారు. నేనూ వెళ్తాను. ఆ పని మీద నాకు గౌరవం ఉంది. కానీ ఆ లెక్క చెప్పలేనిది ఒకటుంది. మంగళవారం తిన్నె మీద రెండు వందల గల్స్ ఉన్నాయి అనుకుందాం. శుక్రవారం వెళ్ళి చూస్తే మళ్ళీ రెండు వందలే. రిజిస్టర్‌లో రెండు రోజులూ ఒకే అంకె. కానీ ఆ రెండు వందలూ చలికాలమంతా ఇక్కడే కాపురం ఉండే పక్షులా, లేక మంగళవారం వాళ్ళు దక్షిణానికి వెళ్ళిపోయి శుక్రవారం కొత్తవాళ్ళు దిగారా? మొదటిది నిజమైతే ఈ తిన్నె రెండు వందల పక్షులకి ఇల్లు. రెండోది నిజమైతే నాలుగైదు నెలల్లో కొన్ని వేల పక్షులు ఆగి ఊపిరి పీల్చుకుని పోయే స్టేషన్. రైల్వే ప్లాట్‌ఫామ్ మీద ఎప్పుడు చూసినా మూడొందల మంది ఉంటారని ఆ స్టేషన్ వాడేది మూడొందల మందేనని ఎవరైనా అంటారా?

దీనికి జవాబు రింగులే చెప్పాలి. మంగళవారం ఆ గుంపులో ఇరవై పక్షులకి రంగు రింగులుండి, శుక్రవారం వాటిలో పద్దెనిమిది మళ్ళీ కనిపిస్తే అవి కాపురం ఉంటున్నట్టు. రెండే కనిపిస్తే ప్రయాణికులు మారిపోతున్నట్టు. ఎంత సులువైన లెక్క! ఐదో తరగతి పిల్లలకి చెప్పినా అర్థమవుతుంది. పొక్లెయిన్ వచ్చి నది మూతిలో ఇసుక తవ్వేటప్పుడు, ఒడ్డున కొత్తగా ఏదో కడతామన్నప్పుడు, 'ఇక్కడ మహా అయితే రెండొందల పక్షులున్నాయి' అని కాగితం మీద రాసేసుకుంటారు. ఆ వాక్యాన్ని ఎదిరించాలంటే మన దగ్గర ఉండాల్సింది ఆవేశం కాదు, పక్షుల పేర్లు. అంటే వాటి కాళ్ళ మీద ఉన్న నంబర్లు.

రింగు వేయడం కొత్త సంగతేం కాదు. 1899లో డెన్మార్క్‌లోని వీబోర్ అనే ఊళ్ళో మోర్టెన్‌సెన్ అనే స్కూలు మాస్టారు స్టార్లింగ్ పిట్టల కాళ్ళకి నంబర్లు చెక్కిన అల్యూమినియం రింగులు వేసి వదిలాడు. మన దేశంలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ 1927లో ఈ పని మొదలుపెట్టింది. ఆ తర్వాత పక్షి శాస్త్రవేత్త సలీం అలీ నడిపిన రోజుల్లో వేల పక్షులకి రింగులు పడ్డాయి. మన తమిళనాడులోనే కోడియక్కరై (పాయింట్ కాలిమేర్) ఆ పనికి పెద్ద కేంద్రం. పాత రింగుల మీద నంబరుతో పాటు 'ఇన్‌ఫామ్ బాంబే' అని మొదలయ్యే ముక్క ఇంగ్లీషులో చెక్కి ఉండేది. దొరికినవాళ్ళు బొంబాయికి కబురు పెట్టండి అని.

ఆ పాత పద్ధతిలో ఒక లోపం ఉంది. లోహపు రింగు నంబరు చదవాలంటే చాలావరకు పక్షి చేతికి దొరకాలి. అంటే మళ్ళీ వలలో పడాలి, లేదా చావాలి. వేసిన చోటు ఒకటి, చచ్చిన చోటు ఒకటి, మధ్యలో జీవితమంతా ఖాళీ. రంగు ప్లాస్టిక్ రింగులు వచ్చాక ఇది మారింది. తెల్ల రింగు మీద నల్ల అక్షరాలో, పచ్చ రింగు మీద తెల్ల అక్షరాలో పెద్దవిగా చెక్కుతారు. మంచి స్కోప్ ఉంటే వంద గజాల అవతల నుంచి కూడా చదవొచ్చు. పక్షికి మనం వచ్చామని కూడా తెలియదు. ఒకే పక్షిని పదిసార్లు, ఇరవైసార్లు, పది ఊళ్ళలో పదిమంది చదువుతారు. అవన్నీ ఒకచోట చేరితే అది బతుకు కథ అవుతుంది. యూరప్‌లో సముద్రపు ఒడ్డు ఊళ్ళలో గల్స్‌కే కాదు, హంసలకి కూడా ఇలా వేస్తారు. రేవులో రొట్టె ముక్క వేస్తే దగ్గరకొచ్చేస్తాయి కాబట్టి అక్కడి పెన్షనర్లు స్కోప్ కూడా లేకుండా చదివి నోట్‌బుక్‌లో రాసుకుంటారు.

మనకి చెన్నైలో హంసలు లేవు. కానీ నలుడి కబురు దమయంతికి మోసిన ఆ హంస, తల మీద రెండు నల్ల పట్టీలుండే బూడిదరంగు బాతు, బార్‌హెడెడ్ గూసే అయి ఉంటుందని కొందరి వాదన. నాకు ఆ వాదన నచ్చుతుంది. అది హిమాలయాలు దాటే బాతు. ఏడు వేల మీటర్లకి పైన ఎగరడం ట్రాన్స్‌మిటర్లతో రికార్డయింది. మంగోలియాలో మెడకి పట్టీ వేసి వదిలిన ఈ బాతులు కర్ణాటక చెరువుల్లో మనవాళ్ళ కెమెరాలకి చిక్కాయి. కబురు మోసే హంస మెడలో నిజంగానే కబురు ఉంది. చదివేవాళ్ళు ఉన్నారు కాబట్టి అది చేరింది.

ఇక్కడ మా పెద్దమ్మ మాట చెప్పాలి. పెద్దమ్మది సూళ్ళూరుపేట. మోకాళ్ళ నొప్పులకి చూపించుకోవడానికి చెన్నై వచ్చి మా ఇంట్లో ఉన్నప్పుడు కంప్యూటర్‌లో రింగున్న గల్ ఫొటో చూపించాను. చూసి, 'ఒరే, దాని కాలికి కడియం ఎందుకురా, అది మనల్ని అడిగిందా?' అంది. అప్పటి నుంచి మా ఇంట్లో దాన్ని కడియం అనే అంటాం.

ఆ ప్రశ్నని నేను తేలిగ్గా తీసుకోలేదు. పక్షిని వలతో పట్టడం, చేత్తో పట్టుకోవడం, కొలవడం, ఇదంతా దానికి భయమే. బరువు పెద్ద సమస్య కాదు. ట్రాన్స్‌మిటర్లకైతే ఒంటి బరువులో 3 శాతం దాటకూడదని చాలామంది పాటించే హద్దు, రింగు అంతకంటే బాగా తేలిక. మన దగ్గర ప్రభుత్వ అనుమతి, శిక్షణ లేకుండా ఎవరూ పక్షి మీద చెయ్యి వేయకూడదు, అది సరైన నియమం. అయినా భయం భయమే. రింగులు లేని కాలంలో ఏం జరిగిందో చెప్తే పెద్దమ్మ కాసేపు మాట్లాడలేదు. 1822లో జర్మనీలోని ఒక ఊళ్ళో మెడలో ఆఫ్రికా బల్లెం గుచ్చుకుని ఉన్న కొంగ ఒకటి దొరికింది. కొంగలు చలికాలంలో ఎక్కడికి పోతాయో యూరప్ వాళ్ళకి గట్టిగా తెలిసింది అలా. అంత ప్రయాణం ఆ గాయంతోనే చేసింది పాపం.

కాబట్టి నా జవాబు ఇది. పక్షికి కలిగించిన ఆ పది నిమిషాల భయానికి న్యాయం జరగాలంటే దాని కడియాన్ని ఎవరో చదవాలి. ఎవరూ చదవని రింగు ఒక ప్రాణిని ఊరికే బాధపెట్టడమే. రింగులు వేయడానికి అనుమతి కావాలి. చదవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఇంత పెద్ద నగరంలో, ఇన్ని కెమెరాలున్న చోట, చదివేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది కూడా కనిపించరు.

కెమెరాల సంగతి వచ్చింది కాబట్టి గట్టిగానే అంటున్నాను. పక్షుల ఫొటోలు తీసేవాళ్ళ గ్రూపుల్లో రోజూ వచ్చే ఫొటోలు చూడండి. కన్ను పదునుగా, ముక్కు పదునుగా, నేపథ్యం మెత్తగా. కాళ్ళు నీళ్ళలో ఉంటాయి, లేదా ఫ్రేమ్ కింద కోసేసి ఉంటాయి. ఎంత అందమైన ఫొటో అయినా, కాళ్ళు కోసేస్తే ఆ పక్షి ఎవరో తెలుసుకునే దారి మూసేసినట్టే. మీరు తీసిన వంద ఫొటోల్లో మూడు కాళ్ళకి ఇవ్వండి చాలు. పక్షుల్ని లేపకండి. చలికాలంలో విశ్రాంతి తీసుకునే పక్షిని లేపిన ప్రతిసారీ అది దాచుకున్న కొవ్వు కొంత ఖర్చవుతుంది. తిరుగు ప్రయాణానికి అదే డీజిల్.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి నేను పడ్డ కష్టాలు పనికొస్తాయి. వంతెన వైపు నుంచి పొద్దున చూస్తే సూర్యుడు ఎదురుగా ఉంటాడు, పక్షులన్నీ నల్లటి నీడలే. పొద్దున సముద్రం వైపు నుంచి, వెలుగు వీపు మీద పడేలా నిలబడాలి. ఎనిమిదిన్నర దాటితే ఇసుక మీద వేడి గాలి వణుకుతుంది, అంకెలు నీళ్ళలో రాసినట్టు కదులుతాయి. గల్స్ లాంటివే ఇంకో రకం నీటి పక్షులు, టెర్న్‌లు. వాటితో ఇంకా కష్టం. మన తమిళ మిత్రులు 'ఆలా' అనే పేరుతో పిలుస్తారు వాటిని. ఎగిరేటప్పుడు అంత నాజూకైన పక్షి నేల మీదకి దిగితే కాళ్ళే కనిపించవు, అంత పొట్టివి. ఇసుకలో కూరుకుపోతే రింగు దేవుడికే తెలియాలి. వెదురు గుంజ మీదో, పడవ అంచు మీదో వాలినప్పుడు దొరకాలి. కాస్పియన్ టెర్న్ ఎర్రటి ముక్కు చూస్తూ ఉండిపోతాం, కాళ్ళ దాకా చూపు దిగేలోపు అది ఎగిరిపోతుంది.

రింగు కనిపిస్తే ఏ కాలు, పైన ఎముకకా కింద ఎముకకా, రింగు ఏ రంగు, అక్షరం ఏ రంగు, కింద నుంచి పైకి చదివారా పై నుంచి కిందకా, ఇవి అక్కడే రాయండి, ఇంటికొచ్చాక కాదు. 8కి, ఇంగ్లీషు బి అక్షరానికి తేడా అనుమానంగా ఉంటే అనుమానం అనే రాయండి. ఒకసారి నేను 3ని 8 అని రాసి పంపాను. నాలుగు రోజుల తర్వాత ఫొటో పెద్దది చేసి చూస్తే తప్పు తెలిసింది. ఒక పక్షి జీవితంలోకి ఇంకో పక్షిని తోసేశాను. ఆ రాత్రి చాలా టెన్షన్ పడ్డాను, వెంటనే దిద్దుబాటు పంపాను. ఇంకో మాట, ఇది ఎవరూ పాటించరు: రింగు లేదన్నది కూడా సమాచారమే. 'రెండు వందల్లో నూట పన్నెండింటి కాళ్ళు చూశాను, ఏ కాలికీ లేదు' అని రాసుకుంటేనే రేపు ఒకటి కనిపించినప్పుడు దానికి విలువ.

పంపినవాళ్ళకి జవాబు రావాలి. ఇది రింగులు వేసేవాళ్ళకి నా విన్నపం. ముట్టుకాడు దగ్గర నేను చూసిన ఒక రంగు రింగు వివరాలు ఒక విదేశీ ప్రాజెక్టుకి పంపి ఏడు నెలలైంది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఆ పక్షి ఎక్కడ పుట్టిందో ఒక్క ముక్క రాస్తే నాలాంటివాడు ఇంకో పదేళ్ళు ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చుంటాడు.

జబ్బుల సంగతి కూడా ఉంది. 2005 మేలో చైనాలోని చింగ్‌హై సరస్సులో బర్డ్ ఫ్లూతో ఆరు వేలకి పైగా పక్షులు చచ్చిపోయాయి. ఆ పట్టీల తల బాతులు, బ్రౌన్‌హెడెడ్ గల్స్ వాటిలో ఉన్నాయి. మన తిన్నె మీద వాలేవి ఆ సరస్సు బంధువులా కాదా? 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుఫాను వరదతో పాటు ఎన్నూర్ క్రీక్‌లోకి చమురు వచ్చినప్పుడు, ఒళ్ళంతా నల్లగా తడిసిన పెలికాన్‌ల ఫొటోలు చూసి ఊరంతా బాధపడింది. ఆ తర్వాత వాటిలో ఎన్ని బతికాయి, మళ్ళీ వచ్చాయా? పక్షి పక్షికీ గుర్తు ఉంటే తప్ప ఎవరూ చెప్పలేరు.

రింగు ఎంత దూరం చెప్పగలదో చూడాలంటే విజ్‌డమ్ అనే ఆల్బట్రాస్ కథ చాలు. ఆల్బట్రాస్ అంటే పెద్ద రెక్కల సముద్రపు పక్షి. 1956 డిసెంబర్ 10న పసిఫిక్‌లోని మిడ్‌వే దీవిలో చాండ్లర్ రాబిన్స్ అనే శాస్త్రవేత్త దానికి రింగు వేశారు. ఉప్పునీళ్ళలో రింగులు అరిగిపోతాయి. అరిగినప్పుడల్లా ఎవరో ఒకరు శ్రద్ధగా కొత్తది వేసి పాత నంబరు పక్కన కొత్త నంబరు రాసిపెట్టారు. 2002లో అదే దీవిలో రాబిన్స్ ఒక ఆల్బట్రాస్ రింగు మార్చారు. తర్వాత రికార్డులు తిరగేస్తే అది 46 ఏళ్ళ క్రితం తన చేత్తో రింగు వేసిన పక్షే. రాబిన్స్ 2017లో 98 ఏళ్ళ వయసులో పోయారు. ఆ పక్షి 2024లో కూడా గుడ్డు పెట్టింది. నన్ను కదిలించేది ఆ వయసు కాదు. మధ్యలో ఆ నంబర్లు రాసిపెట్టిన, పేరు కూడా తెలియని మనుషులు.

అలాంటి మనిషిని నేను తడ దగ్గర చూశాను. సూళ్ళూరుపేట లోకల్ ఎక్కి తడలో దిగితే, అక్కడి నుంచి భీములవారిపాలెం. పులికాట్ ఒడ్డు, మా వైపు పాతవాళ్ళ నోట ప్రళయ కావేరి. అక్కడ పడవ నడిపే ఒక పెద్దాయనకి నా స్కోప్‌లో గల్ కాళ్ళు చూపించి, రింగుల గురించి చెప్పాను. ఆయన ఏమీ అనకుండా ఇంటికి వెళ్ళి, పొగాకు డబ్బా ఒకటి తెచ్చాడు. అందులో వక్క ముక్కలు, ఒక గాలం ముల్లు, వాటి కింద చిన్న లోహపు ముక్క. విప్పి చదును చేసిన రింగు. అంచులు కాగితంలా పలచబడిపోయాయి. వేలితో తడిమితే అక్షరాల గరుకు తగులుతోంది గానీ కంటికి సగమే కనిపిస్తోంది. 'బాంబే' ఉంది. అంకెల్లో మొదటి రెండూ, చివరిదీ ఉన్నాయి.

'వల్లో పడి చచ్చిపొయ్యుండె అబ్బయా, చిన్న తెల్ల పిట్ట. కాల్న ఇదుండె. పారెయ్యబుద్ది కాలా' అన్నాడు.

ఎవరికీ ఎందుకు చెప్పలేదని అడిగాను. 'చెప్తే ఏమంటారో! పిట్టని సంపినావని కేసు పెడితే?' అన్నాడు. ఎన్నేళ్ళయిందంటే, కూతురి పెళ్ళికి ముందు అన్నాడు. ఆ కూతురి కూతురు ఇప్పుడు సూళ్ళూరుపేటలో డిగ్రీ చదువుతోంది.

ఈ నీళ్ళ మీద బతికేవాళ్ళు మనకంటే వెయ్యిరెట్లు ఎక్కువ పక్షుల్ని చూస్తారు. వాళ్ళ డబ్బాల్లో, గూళ్ళలో ఇలాంటి ముక్కలు ఎన్ని ఉన్నాయో. రింగు దొరికితే ఎవరికి చెప్పాలో, చెప్తే కేసు ఉండదని, తెలుగులో, తమిళంలో ఒక చిన్న కాగితం అచ్చువేసి ప్రతి కుప్పంలో, ప్రతి పాలెంలో అంటించాలి. ఫోన్ నంబరు ఒక్కటి చాలు, ఫారాలు వద్దు. అలాగే చెన్నై చుట్టూ అనుమతి ఉన్న సంస్థలు ఏటా గల్స్‌కీ టెర్న్‌లకీ దూరం నుంచి చదవగలిగే రంగు రింగులు వేయాలి, ఒక ఏడు వేసి మానేయకుండా. చదివే పని మేం చూసుకుంటాం.

ఆ రింగు ఫొటోలు నాలుగు వైపుల నుంచి తీసి బొంబాయికి పంపాను. రింగు మాత్రం ఆయన డబ్బాలోనే ఉంది. ఇమ్మని అడగడానికి నాకు నోరు రాలేదు.

ఆ మనవరాలు నా నంబరు తీసుకుంది. మొన్న ఫిబ్రవరిలో ఒక పొద్దున వాట్సాప్‌లో ఫొటో పంపింది. నీళ్ళలో పాతిన వెదురు గుంజ, దాని మీద రెండు ఎర్రటి కాళ్ళు. తల లేదు, రెక్కలు లేవు, ఫ్రేమ్ నిండా కాళ్ళే. కింద రాసింది: 'సార్, 7.10కి. ఇప్పటిదాకా 43 చూశా. ఏ కాలికీ లేదు. తాత ఇంకో గుంజ దగ్గరికి తీసుకెళ్తన్నాడు.'

నోట్‌బుక్ తీసి తేదీ వేశాను. భీములవారిపాలెం, 7.10, 43, రింగు లేదు.